కారు అద్దానికి నల్ల ఫిల్మ్: కొలతా, నిషేధమా?

మోటారు వాహనాల అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించడాన్ని దేశమంతటా నిషేధిస్తూ సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇచ్చింది. అవిషేక్ గోయెంకా అనే పౌరుడు దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, న్యాయమూర్తులు ఎ.కె. పట్నాయక్, స్వతంతర్ కుమార్‌ల ధర్మాసనం వెలువరించిన ఆ తీర్పు అదే ఏడాది మే 4 నుంచి అమలులోకి వచ్చింది. ముందు అద్దం, వెనుక అద్దం, పక్క అద్దాలు అనే భేదం లేకుండా, ఫిల్మ్ ముదురుదా లేతదా అన్న విచారణ లేకుండా, అద్దం మీద ఏ పదార్థాన్నీ అతికించరాదని ఆ తీర్పు సారాంశం. దేశంలోని ప్రతి ఊరికీ ఇది ఒకే విధంగా వర్తించినా, శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో దీనికి ప్రత్యేకమైన పట్టింపు ఉంది. ఆ ప్రాంతానికి ఎండ ఎక్కువ, వాన తక్కువ. దేశంలోని పెద్ద కార్ల కర్మాగారాల్లో ఒకటి పెనుకొండ పక్కనే ఉంది. కర్ణాటక సరిహద్దు హిందూపురానికి కూతవేటు దూరం కావడంతో రెండు రాష్ట్రాల బండ్లు, రెండు రాష్ట్రాల పోలీసుల పద్ధతులు అక్కడి రోడ్ల మీద కలుస్తాయి.

ఆ తీర్పుకు ఆధారమైన నిబంధన కొత్తదేమీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దాని కింద రూపొందిన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఒకే రోజున, అంటే 1989 జులై 1న, అమలులోకి వచ్చాయి. ఆ నిబంధనల్లో నూరవది వాహనాల అద్దాలకు సంబంధించినది. వ్యవసాయ ట్రాక్టర్లు మినహా ప్రతి మోటారు వాహనానికీ సురక్షిత గాజు, అంటే పగిలినప్పుడు వాడి పెంకులుగా ఎగిరిపడి మనుషులను కోయని గాజు, ఉండాలని అది చెబుతుంది. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి ప్రసరించాలని కూడా అదే నిబంధన కొలత పెట్టింది. సాంకేతిక పరిభాషలో దీనిని దృశ్యకాంతి ప్రసరణ శాతం అంటారు. అద్దం మీద పడిన కంటికి కనిపించే వెలుతురులో ఎంత భాగం అవతలి వైపుకు చేరుతుందో చెప్పే అంకె అది. నూటికి నూరు పారదర్శకమైన గాజు లోకంలో లేదు. ఏ రంగూ లేని మామూలు పక్క అద్దం సైతం వెలుతురులో కొంత భాగాన్ని ఆపుతుంది.

కొలత పుస్తకంలో ఉన్నా రోడ్డు మీద అది అమలయ్యే మార్గం లేకపోవడమే అసలు చిక్కు. ప్రసరణ శాతాన్ని కొలిచే చేతి పరికరం ఒకటి ఉంది. అద్దానికి ఒక వైపు దీపాన్ని, రెండో వైపు గ్రాహకాన్ని ఆనిస్తే క్షణంలో అంకె చూపిస్తుంది. అయితే అటువంటి పరికరం కూడలిలో నిలబడే కానిస్టేబుల్ చేతికి దాదాపు ఎక్కడా చేరలేదు. ఫలితంగా 50 శాతం, 70 శాతం అనే అంకెలు కాగితానికే పరిమితమై, దుకాణదారుడు అతికించిందే ప్రమాణంగా చెలామణి అయ్యింది. అపహరణలు, దోపిడీలు, స్త్రీలపై అత్యాచారాలు, గుద్ది పారిపోయే ప్రమాదాలు వంటి నేరాల్లో నల్లద్దాల బండ్లు నేరస్థులకు మరుగు కల్పిస్తున్నాయని, కొలత మీద ఆధారపడిన నిబంధన ఆచరణలో విఫలమైంది కనుక నిషేధమే దారి అని పిటిషనర్ వాదించగా, ధర్మాసనం ఆ వాదన బలాన్ని అంగీకరించింది. గాజు తయారయ్యే దశలోనే 70, 50 శాతాల ప్రమాణాన్ని పాటించాలని, తయారై బండికి బిగించిన తరువాత దాని మీద మరేదీ అతికించడానికి వీలు లేదని నూరవ నిబంధనకు అర్థం చెప్పింది. జెడ్, జెడ్ ప్లస్ శ్రేణి భద్రత ఉన్నవారికి మాత్రం అనుమతి పొందే వెసులుబాటు ఉంచింది.

పరిశ్రమ స్పందన వెంటనే వచ్చింది. తీర్పును సవరించాలనీ, స్పష్టత ఇవ్వాలనీ కోరుతూ ఫిల్మ్ తయారీదారులు, పంపిణీదారులు, అమ్మకందారులు అనుబంధ దరఖాస్తులతో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. వారిలో త్రీఎమ్ ఇండియా వంటి పెద్ద సంస్థతో పాటు, అమెరికా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ విండో ఫిల్మ్ సంఘం కూడా ఉండటం గమనించదగిన విషయం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం కారు అద్దాల మీద కొత్త ఆంక్ష ప్రతిపాదించినప్పుడు శాసనసభ్యుల ముందు వాదించడం ఈ సంఘానికి అలవాటైన పని. ఢిల్లీలోని న్యాయస్థానంలో మాత్రం దానికి ఎదురైన పరిస్థితి పూర్తిగా వేరు, ఎందుకంటే అక్కడ బేరానికి కూర్చునేది శాతం దగ్గర కాగా ఇక్కడ శాతమే చర్చలో లేకుండా పోయింది.

దరఖాస్తుదారుల వాదనల్లో మొదటిది పాఠానికి సంబంధించినది. నూరవ నిబంధనలో ఫిల్మ్ అన్న మాటే లేదని, నిబంధన అడిగేది అంతిమంగా ఎంత వెలుతురు లోపలికి వస్తుందన్న ఒక్కదాన్నే కనుక, ఫిల్మ్ అతికించిన తరువాత కూడా 70, 50 శాతాలు నిలిచి ఉంటే అది ఉల్లంఘన ఎలా అవుతుందని వారు అడిగారు. రెండవది ఆరోగ్యానికి సంబంధించినది: సూర్యకిరణాల్లోని అతినీలలోహిత భాగం చర్మానికి హాని చేస్తుందని, కొందరు రోగులకు వైద్యులే ఎండ తగలకూడదని చెబుతారని, ఫిల్మ్ ఆ కిరణాలను ఆపుతుందని వారు చెప్పారు. మూడవది బతుకుతెరువు: చట్టబద్ధంగా సాగుతున్న ఒక వ్యాపారం ఒక్క ఆదేశంతో మూతపడుతుందన్నది వారి ఆవేదన. న్యాయమూర్తులు పట్నాయక్, స్వతంతర్ కుమార్‌ల ధర్మాసనం 2012 ఆగస్టు 3న ఈ దరఖాస్తులన్నింటినీ తోసిపుచ్చింది. కొద్దిమంది ప్రయోజనం సమాజ ప్రయోజనానికి లోబడి ఉండవలసిందేనని, నిబంధన గాజు గురించి చెప్పిందే తప్ప గాజుకు ఫిల్మ్ చేరిన మిశ్రమం గురించి చెప్పలేదని ఆ ఆదేశం తేల్చింది. జరిమానా రాసి వదిలేయడం చాలదని, ఫిల్మ్‌ను అక్కడికక్కడే తొలగించాలని పోలీసులకు బాధ్యత అప్పగించింది.

ఆ ఏడాది చివరన, డిసెంబరు 16న, ఢిల్లీలో నడుస్తున్న బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరం దేశాన్ని కుదిపినప్పుడు, ఆ బస్సుకు నల్లద్దాలూ తెరలూ ఉన్నాయన్న సంగతి నిషేధానికి ఉన్న నైతిక బలాన్ని మరింత పెంచింది. ఆ తరువాత ఫిల్మ్ పరిశ్రమ వాదన వినే ఓపిక ప్రజల్లో చాలాకాలం లేకపోయింది, అది సహజమే.

అయినా వాదనలోని శాస్త్రీయ భాగాన్ని విడిగా పరిశీలించవలసి ఉంది, ముఖ్యంగా ఎండ మండే ప్రాంతాల కోణం నుంచి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటికీ అందీ అందకుండా ఉండే పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. మార్చి దాటితే పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల వైపు నడుస్తుంది. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో అరగంట గడిస్తే బయటి వేడి కంటే ఇంచుమించు ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడి పోగవుతుంది. గాజు సూర్యకాంతిని లోపలికి రానిచ్చి, లోపలి సీట్లూ పలకలూ వేడెక్కి వెలువరించే ఉష్ణాన్ని తిరిగి బయటికి పోనివ్వకపోవడం ఇందుకు కారణం. కూలింగ్ పేపర్ అని దుకాణాల వద్ద జనం పిలిచే ఈ ఫిల్మ్‌కు హిందూపురం, ధర్మవరం వంటి ఊళ్లలో గిరాకీ ఏర్పడటానికి డాబు ఒక్కటే కారణమని కొట్టిపారేయడం సరికాదు. అయితే డాబు కూడా ఒక కారణమే. నల్లద్దాల తెల్ల కారు రాయలసీమ ఊళ్లలో చాలాకాలం అధికారానికి గుర్తుగా చెల్లింది. నిషేధం వచ్చిన తరువాత కూడా ఫిల్మ్ తీయడానికి అందరికంటే వెనుకాడింది ఎండకు తాళలేని వారు కాదన్నది బహిరంగ రహస్యం.

నలుపుకూ చలువకూ ఉన్న సంబంధం జనం అనుకున్నంత గట్టిది కాదు. భూమికి చేరే సూర్యశక్తిలో అతినీలలోహిత కిరణాల వాటా సుమారు 5 శాతం. కంటికి కనిపించే వెలుతురుది 45 శాతం లోపు. మిగిలిన సగానికి పైగా పరారుణ కిరణాలది, అంటే కంటికి కనిపించకుండా వేడిని మోసుకొచ్చే కిరణాలది. చౌకగా దొరికే రంగు ఫిల్మ్ కనిపించే వెలుతురును మింగి చీకటిని కలిగిస్తుంది కానీ, పరారుణ భాగంలో పెద్ద పాలును లోపలికి వదిలేస్తుంది. పైగా తాను మింగిన శక్తితో తానే వేడెక్కి ఆ వేడిలో కొంత లోపలికే పంపుతుంది. కొన్నేళ్లకు ఎండకు వెలిసి ఊదారంగుకు తిరిగి, బుడగలు లేచేది కూడా ఈ రకమే. రెండవ రకం లోహపు పూత ఉన్నది. అది కాంతిని వెనక్కు తిప్పికొడుతుంది కనుక బయటి నుంచి అద్దంలా మెరుస్తుంది. మూడవది సిరామిక్ ఫిల్మ్. పాలియెస్టర్ పొర మీద అతిసూక్ష్మమైన సిరామిక్ కణాలను పరచి చేసే ఈ ఫిల్మ్ దాదాపు రంగు లేకుండానే పరారుణ కిరణాలను గణనీయంగా ఆపగలదు. ధర ఎక్కువ. చలువ కావలసినవారికి నలుపు అవసరం లేదని, నలుపు కావలసినవారు చలువను సాకుగా చెప్పుకుంటున్నారని ఈ మూడు రకాలను పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది.

ఆరోగ్య వాదనకు కూడా ఇటువంటి పరిశీలనే అవసరం. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొరను ఇరికించి చేసినది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది కనుక ముందు అద్దానికి ఆ పేరున ఫిల్మ్ అవసరమే లేదు. పక్క అద్దాలు సాధారణంగా ఒకే పలక, కాల్చి చల్లార్చి గట్టిపరచిన గాజు. అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కమిలించే పొట్టి తరంగాలను ఆ గాజు చాలావరకు ఆపినా, చర్మం లోతుకు చొచ్చుకుపోయే పొడవు తరంగాల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని వదిలేస్తుంది. అంటే రోజంతా స్టీరింగ్ పట్టుకునే డ్రైవర్ కుడి చేతికి ఆరోగ్య వాదన వర్తిస్తుంది. ధర్మవరం పట్టు వ్యాపారానికి ఇదే సంగతి ఇంకో రూపంలో పరిచితం: అద్దకం వేసిన పట్టు నూలును నీడలో ఆరబెడతారు, ఎండలో ఆరబెడితే రంగు చెడుతుందని. బెంగళూరుకో చెన్నైకో చీరల మూటలను కారు వెనుక సీటులో వేసుకుపోయే వ్యాపారి పక్క అద్దం నుంచి పడే ఎండకు జంకడంలో వింత లేదు. కానీ ఆ జంకుకు మందు మూట మీద కప్పే గుడ్డే. అందుకోసం అద్దాన్ని నల్లగా చేసుకునే హక్కు అడగడం అతి అవుతుంది.

పెనుకొండ వద్ద ఈ చర్చ మరో మలుపు తిరుగుతుంది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఈ ఊరికి సమీపంలో, ఎర్రమంచి వద్ద, కియా సంస్థ కర్మాగారం నెలకొల్పింది. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది; 2019 ఆగస్టులో సెల్టోస్ కారు ఉత్పత్తి మొదలై, అదే ఏడాది డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. సాలుకు 3 లక్షల బండ్లు చేయగల ఆ కర్మాగారం నుంచి 2023 జులై నాటికి పది లక్షల కార్లు బయటికి వచ్చాయి. ఈ రోజుల్లో తయారయ్యే కార్లలో చాలావాటికి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న గాజును కర్మాగారంలోనే బిగిస్తారు. గాజు కరిగించేటప్పుడే అందులో ఇనుము సమ్మేళనాన్ని కలపడం వల్ల వచ్చే ఆ ఛాయ వేడినీ అతినీలలోహిత కిరణాలనూ కొంత ఆపుతుంది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థలు నమూనా బండిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చిన తరువాతే ఆ గాజుతో కారు విపణిలోకి వస్తుంది కనుక అది చట్టబద్ధం. అదే కారును కొన్న మనిషి హిందూపురంలో సీటు కవర్లు, స్టిక్కర్లు అమ్మే దుకాణంలో పూర్తిగా తెల్లగా కనిపించే సిరామిక్ ఫిల్మ్ వేయించుకుంటే, వెలుతురు 50 శాతానికి పైగానే ప్రసరిస్తున్నా, 2012 తీర్పు ప్రకారం అది నేరం. ఒకే కొలతకు లోబడిన రెండు అద్దాల్లో కర్మాగారానిది సక్రమం, దుకాణానిది అక్రమం.

ఈ తేడాకు సమర్థన లేకపోలేదు. కర్మాగారం గాజుకు పరీక్ష ఉంది, ముద్ర ఉంది, బాధ్యుడు ఉన్నాడు. దుకాణం ఫిల్మ్‌కు ఇవేవీ లేవు. ఫిల్మ్ డబ్బా మీద అచ్చువేసిన అంకెను నమ్మడం వల్ల వచ్చే పొరపాటు కూడా చిన్నది కాదు. ఫిల్మ్ ప్రసరణ 70 శాతమని రాసి ఉంటే కొనేవాడు తన అద్దం 50 శాతం గీతకు ఎంతో పైన ఉందనుకుంటాడు. కానీ గాజు, ఫిల్మ్ రెండూ ఒకదాని తరువాత ఒకటి వెలుతురును కోస్తాయి కనుక రెండు శాతాలను హెచ్చించాలి. 80 శాతం ప్రసరించే తెల్లటి గాజు మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 56. ఇది గీతకు లోబడినదే. 70 శాతం ప్రసరించే ఆకుపచ్చ ఛాయ గాజు మీద అదే ఫిల్మ్ వేస్తే మిగిలేది 49. ఒక్క శాతం తేడాతో గీత తప్పింది. డబ్బా మీద 50 అని ఉన్న ఫిల్మ్‌ను తెల్ల గాజు మీద వేసినా మిగిలేది 40 మాత్రమే. కంపెనీ నుంచే ఛాయతో వస్తున్న నేటి కార్లకు, వెలుతురును ఏ కొంచెమైనా తగ్గించే ఫిల్మ్ చాలావరకు గీత దాటిస్తుందన్న సంగతిని అమ్మకందారులు చెప్పరు, కొనుగోలుదారులు అడగరు. రాత్రి పూట ఈ కొద్దిపాటి తేడాయే పక్కనుంచి రోడ్డు దాటే మనిషి కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య తేడాగా మారుతుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ ప్రాంతంలో పల్లెల పక్కనుంచి, పశువులు దాటే చోట్ల మీదుగా సాగుతుంది కనుక ఇది అక్కడివారికి ఊహామాత్రమైన ప్రమాదం కాదు.

రాష్ట్రాలు ఈ విషయంలో తమ కొలత తాము పెట్టుకోగలవా అన్న ప్రశ్నకు భారతదేశంలో సమాధానం సూటిగా ఉంటుంది. మోటారు వాహనాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ శాసనం చేయగల విషయాల జాబితాలో, ఉన్నాయి. అయితే వాహన నిర్మాణానికీ, అందులోని భాగాల ప్రమాణాలకూ నిబంధనలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం 110వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. అమలు చేసే భారం రాష్ట్ర పోలీసులదీ రవాణా శాఖదీ. ప్రత్యేక శిక్ష చెప్పని ఉల్లంఘనలకు వర్తించే 177వ సెక్షన్ కింద జరిమానా ఒకప్పుడు మొదటిసారికి 100 రూపాయలు ఉండగా, 2019 సవరణ దానిని 500 రూపాయలు చేసింది. మళ్లీ పట్టుబడితే 1,500. కేసు కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే రాజీ రుసుముతో ముగించే వీలు 200వ సెక్షన్ కల్పిస్తుంది, ఆ రుసుము ఎంతో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. కారు అద్దం విషయంలో రాష్ట్రానికి మిగిలిన స్వేచ్ఛ దాదాపు అంతే.

అమెరికాలో ఇందుకు భిన్నంగా కారు తయారీ ప్రమాణం కేంద్రానిదైనా, తయారైన తరువాత అతికించే ఫిల్మ్ సంగతి రాష్ట్రాలది. టెక్సస్‌లో ముందు తలుపుల అద్దాలు 25 శాతం వెలుతురును రానిస్తే చాలు. కాలిఫోర్నియాలో 70 శాతం ఉండాలి. డాలస్‌లో ఉద్యోగం చేస్తూ ఫిల్మ్ వేయించుకున్న తెలుగు కుటుంబం శాన్ హోసేకు మారితే, అదే కారు రాష్ట్ర సరిహద్దు దాటగానే చట్టవిరుద్ధం అవుతుంది. న్యూయార్క్ రాష్ట్రం 2017 నుంచి వార్షిక తనిఖీలోనే అద్దాల ప్రసరణను కొలిపిస్తున్నది. వర్జీనియా 2021లో వేరే దారి పట్టింది: అద్దం నలుపు ఒక్కటే కారణంగా పోలీసు బండిని ఆపరాదని, ఆ సాకుతో నల్లజాతివారిని ఎక్కువగా ఆపుతున్నారన్న ఆరోపణల నేపథ్యంలో శాసనం అమలులోకి తెచ్చింది. వైద్యుడి ధ్రువపత్రం ఉన్న రోగులకు మినహాయింపు ఇచ్చే రాష్ట్రాలూ పలు ఉన్నాయి. బ్రిటన్‌లో ముందు అద్దానికి 75, ముందు తలుపులకు 70 శాతం అని గీత గీసి, వెనుక భాగాన్ని యజమాని ఇష్టానికి వదిలారు. ఈ రెండు దేశాల్లోనూ నిబంధన ముదురుదైనా లేతదైనా ఒక విషయం సమానం: తనిఖీ చేసేవారికి కొలిచే పరికరం అందుబాటులో ఉంటుంది.

భారతదేశంలో ఈ చర్చ తిరిగి తెరుచుకోవడానికి కారణం 2020లో కేంద్ర ప్రభుత్వం నూరవ నిబంధనకు చేసిన సవరణ. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ సురక్షిత గాజు అన్న మాటకు తోడు సురక్షిత గ్లేజింగ్ పదార్థం అన్న మాటను చేర్చి, 2019లో సవరించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2553ను దానికి ఆధారం చేసింది. గ్లేజింగ్ అంటే గాజు మాత్రమే కాక, లోపలి వైపున ప్లాస్టిక్ పొర చేరిన గాజు కూడా. ఈ మార్పు మీద ఆధారపడి ఫిల్మ్ తయారీ సంస్థ ఒకటి, జరిమానా పడిన కారు యజమాని, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని నోటీసు అందుకున్న దుకాణం కేరళ హైకోర్టును ఆశ్రయించగా, న్యాయమూర్తి ఎన్. నగరేష్ 2024 సెప్టెంబరులో వారికి అనుకూలంగా తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు 2012లో వ్యాఖ్యానించింది పాత నిబంధనను కనుక, కొత్త నిబంధన కింద 70, 50 శాతాలకు లోబడిన ఫిల్మ్‌కు జరిమానా వేయరాదని, ఆ వీలు తయారీదారుకు మాత్రమే పరిమితమని చెప్పలేమని ఆ తీర్పు పేర్కొంది. అంతకు పన్నెండేళ్ల ముందు పరిశ్రమ ఢిల్లీలో ఓడిపోయిన మొదటి వాదనే, నిబంధన పాఠం మారాక కొచ్చిలో గెలిచింది.

ఈ తీర్పు వార్త వచ్చిన వెంటనే కేరళలోనే కాక మిగతా రాష్ట్రాల దుకాణాల్లోనూ ఫిల్మ్‌కు కోర్టు అనుమతి దొరికిందన్న ప్రచారం మొదలైంది. ఇది సగం నిజం. ఒక రాష్ట్ర హైకోర్టు తీర్పు మరో రాష్ట్రంలో ఆలోచనకు ఆధారం కాగలదు తప్ప కట్టుబడవలసిన శాసనం కాదు. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన మాట మాత్రం దేశమంతటికీ శాసనం. అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు సవరించిన నిబంధనను చూపి ఇదే వాదన వినిపించవచ్చు, అది నెగ్గనూ వచ్చు. అది జరిగే వరకు హిందూపురంలో ఏపీ 39 నంబరు బండికీ, గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చే కేఏ నంబరు బండికీ రక్షణ ఇచ్చేది కేరళ తీర్పు కాదు.

సుప్రీంకోర్టు 2012లో నల్లద్దాలను తొలగించడం సబబైన పని. ఆనాడు వేరే మార్గం లేదు. కానీ ఆ మార్గం లేకపోవడానికి కారణం నిబంధనలో లోపం కాదు, కొలిచే పరికరం కొనని ప్రభుత్వాల అలసత్వం. పరికరం లేని చోట నిషేధం అమలవుతుందన్న నమ్మకం కూడా ఆ తరువాతి పదేళ్లలో నిలబడలేదు. హైదరాబాద్ పోలీసులు 2022 మార్చిలో ప్రత్యేక తనిఖీ చేపట్టినప్పుడు పలువురు సినీ ప్రముఖుల కార్లకే నల్ల ఫిల్మ్ దొరికింది. వందల రూపాయల జరిమానా కట్టి వారు వెళ్లిపోయారు. కోటి రూపాయల కారుకు ఆ జరిమానా పార్కింగ్ రుసుముతో సమానం. చిన్న ఊరి దుకాణదారుడు మాత్రం నోటీసుకు భయపడి సరుకు దాచుకుంటాడు, గిరాకీ అడిగితే మళ్లీ తీస్తాడు. సీసాలో ఉన్నదేమిటో చెప్పకుండా అమ్మే మందులా, ఎంత శాతమో తెలియని ఫిల్మ్ చాటుగా అతుకుతుంది. పారిశ్రామికంగా కూడా నష్టం సమానంగా పడలేదు. పెద్ద తయారీ సంస్థలు ఎగుమతుల వైపు, భవనాల అద్దాల వైపు, కారు రంగును కాపాడే పొరల వైపు మళ్లగలిగాయి. ఫిల్మ్ కోసి, నీళ్లు చల్లి, బుడగ లేకుండా అద్దానికి అతికించే పనితనం తప్ప వేరే పెట్టుబడి లేని పనివాడికి అటువంటి దారి లేదు.

కనుక కోరవలసినది కొలత పునరుద్ధరణ. రాష్ట్ర రవాణా శాఖ హిందూపురం, ధర్మవరం కార్యాలయాలతో మొదలుపెట్టి ప్రతి కార్యాలయానికీ, రహదారి గస్తీ బృందానికీ ప్రసరణ కొలిచే పరికరం ఇవ్వాలి. కొడికొండ చెక్‌పోస్టు వంటి సరిహద్దు చోట్ల దానిని వాడాలి. సవరించిన నూరవ నిబంధన ఫిల్మ్‌కు వర్తిస్తుందా లేదా అన్నది కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వుతో చెప్పాలి, ఎందుకంటే ఒక్కొక్క హైకోర్టు ఒక్కొక్క విధంగా చెప్పే వరకు ఎదురుచూడటం పోలీసుకూ పౌరుడికీ ఇద్దరికీ అన్యాయం. ఫిల్మ్ అమ్మకందారులు తమ వంతుగా డబ్బా మీది అంకెను కాక, అతికించిన తరువాత ఆ కారు అద్దం మీద వచ్చే అంకెను రసీదు మీద రాసి ఇవ్వాలి. పరిశ్రమ తన మాట మీద తానే నిలబడుతుందని చూపడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు.

కారు ఉన్నవారు ఈ లోగా గుర్తుంచుకోవలసినది కొద్దే. ఎండకు నిలిపేటప్పుడు ముందు అద్దం లోపలి వైపున అడ్డం పెట్టి తీసేసే తెరకు ఏ చట్టమూ అడ్డురాదు. కొత్త కారు కొనేటప్పుడు పక్క అద్దాలు అతినీలలోహిత కిరణాలను ఆపే రకమా కాదా అని షోరూములో అడిగి తెలుసుకోవాలి, అద్దం మూలన చెక్కిన ప్రమాణ ముద్రను చూసుకోవాలి. ఇదివరకే నల్ల ఫిల్మ్ ఉన్న సెకండ్‌హ్యాండ్ బండి కొంటే బేరం కుదిరిన రోజే దానిని తీయించాలి. ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద ఈనాటికీ అమలులో ఉన్నది 2012 నాటి సుప్రీంకోర్టు ఆదేశమే. కేరళ తీర్పు ప్రతిని చూపినంత మాత్రాన ఇక్కడ జరిమానా తప్పదు.